బాండ్‌లో ఉన్నాను రా

పాప పుట్టింది 2019 జూలైలో, చెన్నై రాయపురంలోని ఆర్.ఎస్.ఆర్.ఎం. ప్రసూతి ఆసుపత్రిలో. నాకప్పుడు ఇరవై ఏళ్ళు, మా ఆవిడకి పంతొమ్మిది. మగవాళ్ళని కాన్పు వార్డులోకి పోనివ్వరు కాబట్టి రాత్రంతా బయట మెట్ల మీద కూర్చున్నాను. తెల్లారి అత్త వచ్చి "ఆడపిల్ల. పోయి పుట్టుక రాయించు, పిక్మీ నంబరు అడుగుతారు" అని చీటీ చేతిలో పెట్టింది. గర్భిణి పేరు నమోదు చేసుకున్నప్పుడు ఇచ్చే నంబరు అది. తమిళనాడులో 2017 నుంచి అది లేకపోతే జనన ధ్రువపత్రం రాదు.

కౌంటర్‌లో పేరు, అడ్రసు అడిగారు, చెప్పాను. చదువు అంటే తొమ్మిది అన్నాను. "తండ్రి ఏం పని చేస్తాడు?" అంది ఆవిడ తమిళంలో. నోరు పెగల్లేదు. అప్పటికి నా మీద మూడు కేసులున్నాయి. పని అని చెప్పుకోవాలంటే అన్న, అంటే మా గ్యాంగు లీడరు, బండి వెనక కూర్చుని తిరగడమే. వెనక లైన్లో వాళ్ళు గొణుగుతున్నారు. ఆవిడ పెన్ను పట్టుకుని కాసేపు నా మొహం చూసి, "కూలీయా?" అని తనే అడిగి తనే రాసుకుంది.

మా తాతలు నెల్లూరు వైపు నుంచి కార్పొరేషన్ పారిశుద్ధ్య పనికి వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఉత్తర చెన్నైలో మా వీధి కుర్రాళ్ళు గ్యాంగులోకి ఎలా పోతారో పెద్దగా చెప్పక్కర్లేదు. పదిహేనేళ్ళప్పుడు గ్రౌండులో నన్ను కొట్టారు, అన్న మనుషులు వచ్చి వాళ్ళని కొట్టారు. అంతే.

పాపకి నెల దాటిందో లేదో, వినాయక చవితికి ముందు పోలీసులు నన్ను పట్టుకెళ్ళారు. పండగలప్పుడు రౌడీల లిస్టులో ఉన్నవాళ్ళని ఏరడం మామూలే. డీసీ (పోలీసు డిప్యూటీ కమిషనర్) ఆఫీసులో సీఆర్పీసీ సెక్షన్ 110 కింద ఏడాది సత్ప్రవర్తన బాండ్ రాయించుకున్నారు. కార్పొరేషన్‌లో పర్మనెంట్ ఉద్యోగం చేసే మా మేనమామ జామీను సంతకం పెట్టాడు. సంతకం పెడుతూ నా వైపు కూడా చూడలేదు. బాండ్ తప్పితే సెక్షన్ 122 కింద మిగిలిన రోజులన్నీ పుళల్ జైల్లోనే. ఇంకో తమాషా ఏమిటంటే, మగాడికి పెళ్ళి వయసు ఇరవై ఒకటి కాబట్టి గుళ్ళో తాళి కట్టినా మా పెళ్ళి రిజిస్టరు కాలేదు. పెళ్ళికి చిన్నపిల్లాడిని, బాండుకి పెద్దమనిషిని.

బాండ్ కాపీ, పాప టీకాల కార్డు ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టి మా ఆవిడ బీరువాలో దాచింది. రెంటిలోనూ తేదీలే కాబట్టి ఒకచోట ఉంటే మర్చిపోనని దాని ఉద్దేశం.

మూడో నెలలో పాపని ఉయ్యాల్లో వేశాం. సెట్టు, అంటే మా గ్యాంగు, మొత్తం వచ్చింది. అన్న పాప చేతిలో రెండు వేలు పెట్టాడు. ఆ తర్వాత కేకు పెట్టె, దానితోపాటు గుడ్డలో చుట్టిన పట్టాకత్తి బయటికొచ్చాయి. నాలుగు ఫోన్లు పైకి లేచాయి. 2018లో చెన్నై శివార్లలో ఒక రౌడీ తన పుట్టినరోజు కేకుని కొడవలితో కోస్తే, పోలీసులు చుట్టుముట్టి డెబ్బై మందికి పైగా పట్టుకున్నారు. అప్పటి నుంచి మావాళ్ళకి అదో ఫ్యాషన్. నాకేమో గుండె జారిపోయింది. ఆ ఫోటో ఒక్కటి ఎవరి స్టేటస్‌లోనైనా కనపడితే చాలు, నేను లోపలికే. మా ఆవిడ వంటింట్లోంచి ఉల్లిపాయలు తరిగే కత్తి తెచ్చి, "అన్నా, క్రీము అంటితే మీ కత్తి తుప్పు పడుతుంది, దీంతో కోయండి" అంది. అన్న పెద్దగా నవ్వాడు. నేను మెల్లగా "బాండ్‌లో ఉన్నాను రా, ఫోటో వద్దు" అన్నాను. ఫోన్లు జేబుల్లోకి పోయాయి.

ఆ రోజు నాకు ఒకటి అర్థమైంది. మా సెట్టులో "ఇంట్లో పాప ఉంది" అంటే నవ్వుతారు. అందరికీ ఎక్కడో ఒకచోట పిల్లలున్నారు, పాలడబ్బా కొనడానికి వాళ్ళమ్మలున్నారు. "బాండ్ ఉంది" అంటే మాత్రం ఎవరూ ఎదురు మాట్లాడరు. ఇక అదే పట్టుకున్నాను. బుధవారం టీకా వేయించాలన్నా బాండే, పాపకి విరేచనాలైనా బాండే.

పిల్ల పుట్టగానే మనిషి మారిపోతాడని అంటారు కదా. 2020 జనవరిలో మావాడినొకడిని నరికారు. అందరూ బయల్దేరారు. నేనూ చొక్కా తొడుక్కున్నాను. ఉయ్యాల పక్కనుంచే నడిచాను, పాప మొహం చూశాను, అయినా ఆగలేదు. గడప దగ్గర చెప్పు కోసం వెతుకుతూ బాండ్ ఇంకా ఏడు నెలలుందని లెక్కేసుకున్నాను. ఏడు నెలలు పుళల్. అప్పుడు ఆగాను. వెళ్ళినవాళ్ళలో ఇద్దరి మీద గూండా చట్టం పెట్టారు, ఏడాది దాకా బెయిలు మాటే లేదు.

రాత్రి చెకింగ్‌కి ఏట్టయ్య (హెడ్ కానిస్టేబుల్) వచ్చి తలుపు బాదితే పాప లేచి గంటసేపు ఏడ్చేది. ఒకసారి ఆయనే విసుగొచ్చి, ఇకమీదట మిస్డ్ కాల్ ఇస్తాను, బయటికొచ్చి కనపడు అన్నాడు.

ఆ లోపల కోయంబేడు మార్కెట్లో కుట్టి యానై, అంటే చిన్న లోడు బండి, మీద హెల్పర్‌గా చేరాను. కూరగాయల లోడు, అర్ధరాత్రి పని. 2020 మేలో కరోనాకి కోయంబేడు మూసి మార్కెట్‌ని తిరుమళిసైకి మార్చాక దూరం పెరిగింది, కూలీ పెరగలేదు. ఇరవై ఒకటి నిండాక పెళ్ళి రిజిస్టరు చేయించాం.

ఆగస్టులో బాండ్ గడువు అయిపోయింది. ఆ సంగతి సెట్టులో ఎవరికీ చెప్పలేదు. అడిగితే "మళ్ళీ పెట్టార్రా" అనేవాడిని. అలా రెండేళ్ళకు పైనే నెట్టాను.

2023 మార్చిలో మద్రాసు హైకోర్టు తీర్పిచ్చింది, ఇలాంటి బాండ్లు రాయించే అధికారం డీసీలకి ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని. ఆ వార్త ఫోటో నాకు మొదట పంపింది మా సెట్టువాడే. వెంటనే ఫోన్ చేశాడు. "మచ్చా, నీ బాండ్ చెల్లదంట! రాత్రికి రా."

పాప పక్కన కూర్చుని అ ఆలు దిద్దుతోంది. అ కి తోక పెట్టడం రాక పలకంతా తుడిచేస్తోంది. ఫోన్లో వాడు "హలో, హలో" అంటున్నాడు.

"రాలేను రా," అన్నాను. "పాపకి రేపు స్కూల్లో అడ్మిషన్."

అవతల కాసేపు ఏం వినపడలేదు. తర్వాత వాడు "ఏ స్కూల్?" అన్నాడు.