చిమ్నీల్లోంచి పొగొస్తోందా?

ఉత్తర కొరియా వెళ్లొచ్చానని చెబితే గుంటూరులో జనం రెండే ప్రశ్నలు అడుగుతారు. కిమ్‌ని చూశావా అని ఒకటి. అక్కడ మగాళ్లందరూ ఒకే రకం కటింగ్ చేయించుకోవాలట కదా అని రెండోది. రెండింటికీ లేదనే చెప్తాను, ఇంక అక్కడితో వాళ్లకి నా మీద ఆసక్తి పోతుంది. ఇన్నేళ్లలో అడగాల్సింది అడిగినవాడు ఒక్క మా మావయ్యే. "చిమ్నీల్లోంచి పొగొస్తోందా?" అన్నాడు.

మావయ్య వీటీపీఎస్‌లో, అంటే విజయవాడ థర్మల్ పవర్ స్టేషన్‌లో, పనిచేసి రిటైరయ్యాడు. (దానికి నార్ల తాతారావు గారి పేరు పెట్టి చాలా ఏళ్లయింది కానీ ఇబ్రహీంపట్నంలో ఎవర్నడిగినా అది ఇంకా వీటీపీఎస్సే.) చిన్నప్పుడు సెలవులకి వాళ్ల క్వార్టర్స్‌కి వెళ్తే సాయంత్రం డాబా ఎక్కించి, ఇవాళ ఎన్ని యూనిట్లు నడుస్తున్నాయో పొగ చూసి చెప్పమనేవాడు. నల్లగా వస్తే బొగ్గు సరిగ్గా కాలట్లేదని, తెల్లగా వచ్చి కాసేపట్లో మాయమైతే అది పొగ కాదు ఆవిరి అని అప్పుడే నేర్పాడు. పైగా బెజవాడలో ఆ తరం మనిషి, విశాలాంధ్రలో చవగ్గా దొరికే రష్యన్ పుస్తకాలు చదివి పెరిగినవాడు. ఫ్యాక్టరీ అంటే ఆయనకి గుడి కిందే లెక్క. అందుకే నేను ఆ దేశంలో ఒక ఉక్కు ఊరికి వెళ్తున్నానని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఆయనకి ఒక్కడికే చెప్పాను. అమ్మావాళ్లకి మాత్రం చైనాలోనే చాంగ్‌బాయ్ కొండలకి టూర్ అని అబద్ధం.

నేను ఎంబీబీఎస్ చదివింది చైనాలో, జిలిన్ ప్రావిన్స్‌లో. మా బ్యాచ్‌లో కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లమే పదిమంది దాకా ఉండేవాళ్లం. ఆ ప్రావిన్స్‌కి తూర్పు చివర తూమెన్ అని చిన్న ఊరుంది, పక్కనే అదే పేరుతో నది, నదికి అటు ఒడ్డున ఉత్తర కొరియా. నది అనగానే కృష్ణని ఊహించుకోకండి, బందరు కాలవకి రెండింతలుంటుందేమో. ఒకసారి సరదాగా వెళ్లి ఇటు ఒడ్డున నిలబడితే అటు ఒడ్డున సైకిలు మీద వెళ్తున్న మనిషి చొక్కా రంగు కూడా తెలిసింది. అప్పుడు పట్టుకుంది పిచ్చి.

అప్పట్లో ఆ దేశానికి టూరిస్టుగా వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ప్యాంగ్యాంగ్ చూసి వచ్చేసేవాళ్లు. నాకు దొరికింది ఈశాన్యం మూల, చోంగ్‌జిన్. సముద్రం ఒడ్డున ఓడరేవు, ఉక్కు కర్మాగారం, ఓడలు కట్టే యార్డు, వెనక కొండలు. ఇంత చెప్పగానే మీకు వైజాగ్ గుర్తొచ్చి ఉండాలి, నాకూ అదే వచ్చింది. 2008 జనాభా లెక్కల్లో ఆరు లక్షల అరవై ఏడు వేల పైచిలుకు, దేశంలో మూడో పెద్ద ఊరు. అయినా బయటివాళ్లని రానిచ్చేది బహు తక్కువ. గ్రూపుగానే వెళ్లాల్సి వచ్చేది, గైడ్లు ఇద్దరు ఎప్పుడూ వెంట ఉండేవాళ్లు, ఎక్కడ ఆగాలో ఎక్కడ తినాలో ముందే రాసిపెట్టి ఉండేది. వీసా కూడా పాస్‌పోర్టులో కొట్టేవాళ్లు కాదు, విడిగా ఒక కాగితం ఇచ్చి తిరిగొచ్చేటప్పుడు లాక్కునేవాళ్లు. కాబట్టి నా పాస్‌పోర్టులో ఆ దేశం ముద్ర ఏదీ లేదు.

2016 జులై. ఏడుగురం, నేను తప్ప అందరూ నలభై దాటినవాళ్లే. వంతెన దాటగానే గడియారం అరగంట ముందుకి తిప్పుకోమన్నారు. అంతకు ముందు ఏడాది ఆగస్టులో వాళ్లు జపాన్ కాలం నాటి టైమ్ మాకొద్దని సొంత టైమ్ పెట్టుకున్నారు, 2018లో మళ్లీ మార్చేశారు. మన దేశం టైమ్‌లో కూడా అరగంట ఉంటుంది కదా, ఎందుకో అది చూసి కాస్త మనవాళ్లే అనిపించింది, నవ్వకండి.

అటువైపు చెకింగ్ మామూలుగా లేదు. ఫోన్లో ఫొటోలు ఒక్కొక్కటీ తిప్పి చూశారు, పుస్తకాలు పేజీలు తిరగేశారు, జీపీఎస్ పరికరం ఉందా అని నాలుగుసార్లు అడిగారు. నా బ్యాగులో గోంగూర పచ్చడి సీసా దొరికింది. యూనిఫాం ఆయన మూత తీసి వాసన చూసి, ఇంకొకాయన్ని పిలిచి, ఆయన మూడో ఆయన్ని పిలిచి, చివరికి గైడమ్మాయి వచ్చి ఇదేం మందు అని అడిగింది. తినేదే, మా ఊరి మిరపకాయలు అన్నాను. కిమ్చీ తినే నోళ్లు కదా, ఒకాయన చిటికెన వేలితో నాకి చూసి తలూపి మూత పెట్టేశాడు. టెన్షన్‌తో అప్పటిదాకా నా చేతులు చల్లబడి ఉన్నాయి.

హోయెర్యాంగ్‌లో మధ్యాహ్నం భోజనం. ఇప్పటి కిమ్ వాళ్ల నాన్న కిమ్ జోంగ్ ఇల్, ఆయన వాళ్లమ్మ కిమ్ జోంగ్ సుక్ పుట్టిన ఊరు అది, ఆవిడ విగ్రహం ఒకటి. అక్కడి నుంచి మట్టిరోడ్డు మీద మూడు గంటల పైనే కుదుపులు. (మేం వచ్చిన నెలా పదిహేను రోజులకి, ఆగస్టు చివర్లో, ఆ నది పొంగి ఆ ప్రాంతమంతా కొట్టుకుపోయింది, వందల మంది పోయారు. మేం దిగి నిమ్మసోడా లాంటిదేదో తాగిన కొట్టు ఉందో లేదో.)

చోంగ్‌జిన్‌లో రోడ్లు మాత్రం చాలా వెడల్పు, బెంజి సర్కిల్ దగ్గర అంత వెడల్పు ఉంటే మన ప్రాణాలు హాయిగా ఉండేవి. వాటి మీద బళ్లు లేవు. ట్రామ్‌లు, ట్రాలీ బస్సులు, సైకిళ్లు, ఎక్కువగా నడిచే మనుషులు. మమ్మల్ని ముందు పోహాంగ్ చౌక్‌లో కిమ్ ఇల్ సుంగ్, కిమ్ జోంగ్ ఇల్ తండ్రీకొడుకుల కంచు విగ్రహాల దగ్గరికి తీసుకెళ్లారు. పూలు కొని పెట్టాలి, వరసలో నిలబడి వంగి దండం పెట్టాలి, ఫొటో తీస్తే కాళ్లూ తలా తెగకుండా మొత్తం విగ్రహం పడాలి. తర్వాత ఒక కిండర్‌గార్టెన్. అయిదేళ్ల పిల్లలు బుగ్గలకి రంగేసుకుని, పెద్దవాళ్ల నవ్వు నవ్వుతూ డాన్సు చేశారు. మన స్కూల్ యానివర్సరీల్లో కూడా పిల్లల్ని ఇట్లాగే తోముతారు, కానీ అది ఏడాదికోసారి. వీళ్లు బస్సు వచ్చిన ప్రతిసారీ చెయ్యాలి.

హోటల్ గేటు దాటకూడదు. మొదటి రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది, కిటికీలోంచి చూస్తే ఊరంతా చీకటి, విగ్రహాల వైపు మాత్రం వెలుతురు. మనకి చిన్నప్పుడు కరెంటు పోతే వీధంతా ఒకేసారి "హో" అని అరిచేది గుర్తుందా, అక్కడ పోయినప్పుడు ఏ చప్పుడూ లేదు.

నేను అసలు చూడాల్సింది రెండో రోజు పొద్దున దొరికింది. క్యోంగ్‌సాంగ్ వేడినీటి బుగ్గల వైపు వెళ్తుంటే బస్సు సోంగ్‌ప్యోంగ్ మీదుగా వెళ్లింది, కుడో ఎడమో చెప్పను, ఒక్కసారిగా కిమ్ చేక్ ఐరన్ అండ్ స్టీల్ కాంప్లెక్స్. లోపలికి రానివ్వరు, ఆపరు, ఫొటో కుదరదు. గైడాయన మైకులో మా దేశానికి వెన్నెముక ఇదే అన్నాడు. 1951లో చనిపోయిన సైన్యాధికారి పేరు దీనికి పెట్టారన్నాడు. మొదలుపెట్టింది జపాన్‌వాళ్లని మాత్రం అనలేదు. 1908లో రేవు తెరిచేనాటికి అది చేపలు పట్టే పల్లె. మూసాన్ గనుల్లో ఇనుము ఉంది, ఇక్కడ సముద్రం ఉంది, రెండింటినీ కలిపి ఊరు కట్టింది వలస ప్రభుత్వమే. ఇప్పటికీ ఆ ముడి ఇనుము మూసాన్ నుంచి ఇక్కడికే వస్తుంది.

మావయ్య మాట గుర్తొచ్చి లెక్కపెట్టాను. ఎనిమిది చిమ్నీల దాకా వచ్చేసరికి బస్సు మలుపు తిరిగింది. రెండింట్లో పొగ. ఒళ్లో పెట్టుకున్న ఫోను కిటికీకి ఆనించి ఒక్క ఫొటో తీశాను, వెనక సీటావిడ తప్ప ఎవరూ చూడలేదనుకున్నాను.

మిగతా రెండు రోజులు త్వరగా చెప్పేస్తాను. వేడినీళ్లు, కొండలు, సముద్రం ఒడ్డున కంచె, కంచెకి అవతల తాళ్ల మీద ఆరేసిన స్క్విడ్‌లు. ఆ వాసన అచ్చం బందరులో ఎండు చేపల వాసనే. గైడమ్మాయికి పచ్చడి పెట్టాను, అన్నంలో కలుపుకుని ఒక ముద్ద తిని కళ్లు తుడుచుకుంటూ ఇంకో ముద్ద అడిగింది. మా అమ్మ చేసిందని చెబితే, అమ్మకి నువ్వు ఇక్కడున్నట్టు తెలుసా అంది. తెలీదన్నాను. నాకేసి ఒకలా చూసింది, ఆ చూపేమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు.

తిరిగొచ్చేటప్పుడు సరిహద్దులో ఫోను తీసుకుని సరిగ్గా ఆ ఫొటో దగ్గర ఆగాడు ఆ కుర్రాడు. నా ముందే డిలీట్ కొట్టి, డిలీటెడ్ ఫోల్డర్‌లోకి వెళ్లి అక్కడా తీసేసి, మర్యాదగా రెండు చేతులతో ఫోను తిరిగిచ్చాడు. గడియారం అరగంట వెనక్కి తిప్పుకున్నాం.

సత్యనారాయణపురంలో మావయ్య ఇంట్లో కూర్చుని ఇదంతా చెప్పాను. విగ్రహాలూ పిల్లలూ ఆయనకి పట్టలేదు.

"ఎన్నింట్లో వస్తోంది?"

"రెండు."

"రంగు?"

"ఒకటి తెలుపు. ఇంకోటి కాస్త ఎర్రగా ఉంది మావయ్యా."

"తెల్లది ఆవిరయ్యుంటుంది. ఎర్రగా ఉందంటే మటుకు ఇనుము మీద పని జరుగుతున్నట్టే." మొహం వెలిగింది. కాసేపటికి ఆయనే, "ఎనిమిదింట్లో రెండు నడిస్తే అంత ఊరు ఎట్లా బతుకుతుందే డాక్టరమ్మా?" అన్నాడు.

అప్పుడు చెప్పాను, నాకు తెలిసినంత. 1991లో సోవియట్ పోయాక చవకగా వచ్చే చమురు, ఎరువులు ఆగిపోయాయి, కరెంటు లేక ఫ్యాక్టరీలు ఆగాయి, ఫ్యాక్టరీలు ఆగాక రేషన్ ఆగింది. పొలాలున్న ఊళ్లవాళ్లు ఏదో ఒకటి తిన్నారు. చోంగ్‌జిన్‌లో పొలం లేదు, కార్డు మీద ఇచ్చే గింజలే ఆధారం. అందుకే 1990ల కరువులో అన్నిటికంటే ఘోరంగా దెబ్బతిన్న ఊళ్లలో అదొకటి. చిమ్నీ ఆగిన చోట వంట కూడా ఆగిపోయింది. జనం మిషన్లు ఊడదీసి పాత ఇనుము కింద నది దాటించి అమ్ముకున్నారు. తర్వాత ఆడవాళ్లు బజార్లలో కూర్చుని అమ్మకాలు మొదలుపెట్టారు. నాకు బస్సులోంచి సందుల్లో కనిపించింది వాళ్లే, బుట్టలు ముందు పెట్టుకుని. వాళ్లని ఫొటో తియ్యొద్దన్నారు. ఫ్యాక్టరీ కంటే గట్టిగా చెప్పారు ఆ సంగతి.

మావయ్య మీద నాకు కోపం రాదు కానీ ఆ రోజు కొంచెం వచ్చింది. ఆంక్షలన్నాడు, అమెరికా అన్నాడు, అవన్నీ నిజమే కావచ్చు. మిషన్లు ఊడదీసి అమ్మారన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాడు. "మిషన్లు... ఊడదీసి?" అని, మళ్లీ, "ఏ మిషన్లు?" అని. నాకు తెలీదన్నాను. కాఫీ చల్లారిపోయింది, అత్తయ్య వచ్చి తీసుకెళ్లి వేడిచేసి తెచ్చింది.

2020 జనవరిలో కరోనా అని ఆ దేశం తలుపులు మూసేసింది. నాలుగేళ్ల తర్వాత రష్యన్లని రానిచ్చారు. 2025 ఫిబ్రవరిలో చోంగ్‌జిన్‌కి పైనున్న రాసన్ అనే ఊళ్లోకి మిగతా దేశాలవాళ్లని అనుమతించి, మూడు వారాలు తిరక్కుండానే మళ్లీ మూసేశారు. ఇంక వెళ్లే ఉద్దేశం నాకూ లేదు, నేను కట్టిన డబ్బులు ఎవరి దగ్గరికి చేరాయో తెలియనంత అమాయకురాలిని కాదు.

అదే ఏడాది మే నెలాఖర్లో పొద్దున్నే మావయ్య ఫోను. "ఏమ్మా, మీ ఊరు పేపర్లో పడింది." మే 21న చోంగ్‌జిన్ యార్డులో, కిమ్ చూస్తుండగానే, కొత్త యుద్ధనౌకని నీళ్లలోకి దింపబోతే ఒక పక్కకి ఒరిగిపోయింది. దాని మీద నీలం పట్టాలు కప్పారు, ఆ పట్టాలు కూడా ఉపగ్రహం ఫొటోల్లో పడ్డాయి. మనిషిని గేటు దాటనివ్వని ఊరు, ఆకాశం నుంచి చూస్తే ఇంత తేలిక.

ఆ ఆదివారం బెజవాడ వెళ్లాను. మావయ్యకి కళ్లు ఆపరేషన్ అయింది, ఫోన్లో కనపడదంటే మనవడి ల్యాప్‌టాప్ తెచ్చి మ్యాపు తెరిచాను. రేవు, చౌక్, మా హోటల్, దాని గేటు. నేను దాటని గేటు ముందు నుంచి రోడ్డు ఎక్కడికి వెళ్తుందో మొదటిసారి చూశాను, ఓ నాలుగు సందుల అవతల పెద్ద బజారు ఉంది.

"కిందికి పో, ఫ్యాక్టరీ," అన్నాడు మావయ్య. పోయాను. పైనుంచి అన్నీ రేకు కప్పులే, చిమ్నీలు నాకు ఒక్కటీ కనపడలేదు.

"పైనుంచి చిమ్నీ చుక్కలా ఉంటుందే, దాన్నేం చూస్తావు, నీడ చూడు." స్క్రీన్ మీద వేలు పెట్టి, పొడుగ్గా పడిన సన్నటి నీడల వెంట లెక్కపెట్టుకుంటూ పోయాడు. పదకొండు దాకా వచ్చాడు. ఒక్కదాని దగ్గరా పొగ లేదు.

"ఇది ఏ రోజు తీసింది?" అన్నాడు. కింద చిన్నగా ఉన్న సంవత్సరం చదివి చెప్పాను.

"ఆ రోజు షట్‌డౌనయ్యుంటుంది," అని కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "వేరే రోజు బొమ్మ ఉందేమో చూడు."