మోకాలి కింద లూపర్ పెడల్: ఒక వయొలిన్ వాద్యకారుడి అనుభవం

నేను నెల్లూరులో వయొలిన్ వాయిస్తాను, సాయంత్రాలు పిల్లలకు పాఠాలు చెప్తాను. పెళ్లిళ్ల సీజన్ వస్తే రిసెప్షన్లకు పిలుస్తారు. ముహూర్తానికి నాదస్వరం ఎలాగూ ఉంటుంది. రిసెప్షన్‌కి మెత్తగా వినపడే వాద్యం ఒకటి కావాలంటారు. దానికి మృదంగం, ఘటం కూడా పెట్టించే స్తోమత చాలా కుటుంబాలకు ఉండదు. అందుకే నాలాంటివాళ్లు పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ తెచ్చుకుని దానిమీద వాయిస్తారు. నేనూ చాలాకాలం అలాగే వాయించాను. ట్రాక్ శుభ్రంగా ఉంటుంది, తాళం తప్పదు. కానీ అది ఎవరి కోసమూ ఆగదు. పల్లవి కుదిరి, ముందు వరసలో పెద్దాయన తల ఊపుతున్నప్పుడు ఇంకో రెండు సంగతులు (అదే పంక్తిని కొత్తగా మార్చి వాయించడం) వేద్దామనిపిస్తుంది. ఈలోపు ట్రాక్ చరణంలోకి వెళ్లిపోతుంది, నేనూ దాని వెనకాల పోవాలి. చిన్నప్పుడు మన ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలలో (2020లో దానికి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి పేరు పెట్టారు) నేర్చుకున్నది ఇది కాదు కదా అని ప్రతిసారీ బాధగా ఉండేది.

లూపర్ మీద మనసు పడింది అందుకే. కాలితో నొక్కే ఈ చిన్న డబ్బా పని చాలా సులువు. ఒకసారి నొక్కితే రికార్డింగ్ మొదలవుతుంది. మళ్లీ నొక్కితే అప్పటిదాకా వాయించిన ముక్క ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. దానిమీద ఇంకో పొర, ఆపైన మరొకటి వేసుకుంటూ పోవచ్చు, దాన్ని ఓవర్‌డబ్ అంటారు. 1970లలో ఇంగ్లండ్ సంగీతకారులు రాబర్ట్ ఫ్రిప్, బ్రయన్ ఈనో రెండు రీల్ టేప్ రికార్డర్ల మధ్య ఒకే టేపును నడిపించి ఇదే పని చేశారు. ఒకటి రికార్డు చేసేది, రెండోది కాసేపటికి దాన్ని వినిపించి మళ్లీ మొదటిదానికి పంపేది. ఇప్పుడు అదంతా అరచేతిలో పట్టే డబ్బాలోకి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్, చెన్నైలలో పాడి వెళ్లిన ఇంగ్లండ్ గాయకుడు ఎడ్ షీరన్ ఏళ్ల తరబడి గిటారు, లూపర్‌లతో ఒక్కడే స్టేడియాలను నడిపించాడు.

పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నైలో దిగొచ్చు. అన్నాసాలైలో 1842 నుంచీ ఉన్న మ్యూసీ మ్యూజికల్, ఇంకొన్ని షాపులు తిరిగి, చివరికి బాస్ కంపెనీ లూపర్ ఆర్‌సీ-1 తీసుకున్నాను. ఒకటే స్విచ్, ఒకటే నాబ్, గుండ్రంగా 24 చిన్న లైట్లు. లూప్ ఎంత దూరం వచ్చిందో ఆ లైట్లు తిరుగుతూ చూపిస్తాయి. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు, కాబట్టి అక్షరానికి మూడు లైట్లు. ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే ఇది నాకోసమే చేశారా అనిపించింది. ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) లూప్ చేస్తే, లైట్ల గుండ్రంలో సగం, ముప్పావు ఎక్కడున్నాయో కంటితో చూస్తే చాలు, ద్రుతాలు (చివరి రెండేసి అక్షరాల భాగాలు) ఎక్కడ మొదలవుతాయో తెలిసిపోతుంది.

అసలు సమస్య కూర్చోవడం దగ్గర వచ్చింది. ఈ పెడల్స్ అన్నీ నిలబడి గిటారు వాయించేవాళ్ల కోసం తయారైనవి. మనం కింద కూర్చుంటాం. ఎడమకాలు మడిచి, కుడికాలు ముందుకు చాపి, వయొలిన్ తలను కుడికాలి చీలమండ మీద ఆనిస్తాం. అలా ఆనింది కాబట్టే ఎడమచేతికి వాద్యాన్ని మోసే పని ఉండదు. జారుళ్లూ (స్వరం నుంచి స్వరానికి జారడం) గమకాలూ (స్వరాన్ని ఊపడం) తీగ పొడవునా స్వేచ్ఛగా వస్తాయి. ఇప్పుడు కుడి పాదంతో పెడల్ నొక్కాలంటే వయొలినే కదులుతుంది. "నిలబడి వాయించు, ఈరోజుల్లో అందరూ అలాగే కదా" అని నా స్నేహితుడు ఒకడు చెప్పాడు. భుజానికి రెస్ట్ కట్టుకుని ప్రయత్నించాను. స్వరం పలుకుతోంది కానీ, మోహనంలో గాంధారం నుంచి పంచమానికి వెళ్లే జారు నా చేతిలోంచి పోయింది. అది పోయాక ఎన్ని పొరలు వేసి ఏం లాభం?

వయొలిన్ కూడా మనది కాదు. ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ కాలంలో మన సంగీతంలోకి వచ్చింది. వచ్చి మనవాళ్లతో పాటు కింద కూర్చుంది, శ్రుతిని స-ప-స-ప గా మార్చుకుంది. పెడల్ కూడా అలాగే రావాలి. ఆ ఆలోచన వచ్చాక దారి దొరికింది. మడిచిన ఎడమకాలి మోకాలు నేలకు కాస్త ఎత్తులో ఉంటుంది. సరిగ్గా దాని కిందికి పెడల్ జరిపాను. నొక్కే పలక మోకాలి కింద, లైట్ల గుండ్రం ముందుకు, కంటికి కనపడేలా. పెడల్ జారకుండా చిన్న చెక్కపలక మీద వెల్‌క్రోతో బిగించాను. మోకాలిని కొంచెం లేపి దించితే నొక్కు పడుతుంది, వయొలిన్ వెంట్రుకంత కూడా కదలదు. తాళం కుడికాలి బొటనవేలు చూసుకుంటుంది. తాళం ఒక కాలిది, నొక్కు ఇంకో కాలిది. ఈ రెండూ ఒకదాన్నొకటి లాగకుండా ఉండటానికే సాధనలో ఎక్కువ కాలం పట్టింది.

నొక్కు ఎక్కడ పడాలన్నది ఇంకో సంగతి. మొదటి లూప్ పొడవే మొత్తానికి కొలత, తర్వాత వేసే పొరలన్నీ దానికి లోబడాల్సిందే. రెండో నొక్కు ఆవర్తనం చివరి అక్షరం మీదే వెయ్యాలని మనసుకు అనిపిస్తుంది. అలా కాదు, తర్వాతి ఆవర్తనం సమం (మొదటి అక్షరం) మీద వెయ్యాలి, అంటే వాయించడం ఆపకుండా సమంలోకి అడుగుపెడుతూ నొక్కాలి. మొదలుపెట్టడం కూడా అంతే. ముందు ఒక ఆవర్తనం ఊరికే వాయించి, నడక స్థిరపడ్డాక సమం మీద మొదటి నొక్కు. నిశ్శబ్దంలోంచి నొక్కుతూ మొదలుపెడితే మొదటి అక్షరం ఎప్పుడూ బిగుసుకుపోయి వస్తుంది. నిమిషానికి 80 అక్షరాల నడకలో ఆదితాళం ఒక ఆవర్తనం ఆరు సెకన్లు. నేను రెండు ఆవర్తనాలు, పన్నెండు సెకన్లు తీసుకుంటాను. ఒకటే తీసుకుంటే వినేవాళ్లకు తిరుగుడు తెలిసిపోతుంది. నాలుగు తీసుకుంటే పొరలు నిండేలోపు జనం ఐస్‌క్రీమ్ దగ్గరికి వెళ్లిపోతారు.

పొరల వరస గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ముందు దరువు. ఎడమ అరచేతితో తీగలను మూసి, కమాను పట్టుకునే చోటికి దగ్గరి భాగంతో పొట్టిగా కొరికినట్టు కొడితే కంజిర లాంటి శబ్దం వస్తుంది. తీగలను మోసే బ్రిడ్జికి అతికించిన పికప్ అనే చిన్న మైకు దాన్ని బాగా పట్టుకుంటుంది. పొట్టి శబ్దాలు మొదట ఎందుకంటే, లూప్ చివర మొదలుతో కలిసే అతుకు దగ్గర సాగే స్వరం ఉంటే అది టక్కున తెగి వినపడుతుంది. రెండోది మంద్రం. వయొలిన్‌కి అడుగు స్వరం లేదు కాబట్టి ఒక స్థాయి కిందకి దించే ఆక్టేవ్ పెడల్ పెట్టుకుని, మంద్ర షడ్జమం, పంచమం వేలితో మీటుతాను. వైరు వెళ్లే దారిలో ఆక్టేవ్ లూపర్‌కు ముందే ఉండాలి. అప్పుడు ఆ పొర వరకే లోతు వస్తుంది, దాన్ని ఆపేసి మిగతావి మామూలుగా వాయించుకోవచ్చు. లూపర్ తర్వాత పెడితే, అప్పటికే తిరుగుతున్న దరువూ కిందికి దిగి బురదవుతుంది. మూడోది స-ప నిలువు స్వరాలు, పొడుగు కమానులో. ఇవి ఓవర్‌డబ్‌లో వస్తాయి కాబట్టి కమానును అతుకు మీదుగా సాగదీస్తాను. ఆ కుట్టు ఎక్కడుందో ఇక తెలియదు.

నాలుగోది లేదు. రాగం మాత్రం నేను ఎప్పుడూ రికార్డు చెయ్యను. ఈ విషయంలో నాది మొండిపట్టే. గమకం రెండోసారి అచ్చం అలాగే వినపడితే అది గమకంలా ఉండదు. లూపర్ నాకు చాప పరుస్తుంది, దానిమీద కూర్చుని మాట్లాడాల్సింది నేనే. మొదట మోహనం ఎంచుకున్నదీ ఆలోచించే. అందులో మధ్యమం, నిషాదం లేవు, అర స్వరం తేడాతో ఒకదాన్నొకటి రాసుకునే జంటలు లేవు. పైన నేను ఏ స్వరం మీద నిలబడ్డా కింద తిరిగే పొరతో గొడవ రాదు. హిందోళంలోనూ అలాంటి జంటలు లేవు, కానీ అందులో పంచమం లేదు కాబట్టి ఈ స-ప పొర దానికి నప్పదు.

రెండు జాగ్రత్తలు ఇంట్లో సాధనలోనే అర్థమయ్యాయి. ఒకటి గట్టిదనం. ఒకే బలంతో రెండు పొరలు కలిస్తే మొత్తం సుమారు 3 డెసిబెల్స్ పెరుగుతుంది, నాలుగైతే 6. అందుకే ప్రతి పొరా నాకు కావాల్సినదానికంటే తక్కువలో వేస్తాను, పైన వాయించే చెయ్యి గట్టిగా వినపడేందుకు చోటు మిగలాలి. రెండోది శ్రుతి. లూప్‌లోకి వెళ్లిన షడ్జమం ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది, నా తీగలు అలా ఉండవు. నెల్లూరు ఎండలోంచి ఏసీ హాల్లోకి వయొలిన్ తెస్తే కాసేపటిదాకా తీగలు కుదురుకోవు. స్టేజీ మీద పెట్టె తెరిచి, వాద్యం ఆ చలికి అలవాటయ్యాక శ్రుతి చేసి, అప్పుడే మొదటి పొర. పాట మధ్యలో తీగ కదిలితే వేలు పెట్టే స్వరాలను చెవి సర్దుకుంటుంది, వట్టి తీగను సర్దలేం. అప్పుడు వట్టి తీగలు మానేసి పాట ముగిస్తాను, తర్వాతి పాటకు అన్ని పొరలూ కొత్తగా.

బయట మొదటిసారి వాయించింది కందుకూరులో ఒక రిసెప్షన్‌లో. 2022 దాకా ప్రకాశం జిల్లా, ఆ ఏడాది మా నెల్లూరు జిల్లాలో కలిపారు. మైక్‌సెట్ ఆయన పెద్దవాడు, చాలా అనుభవం ఉన్నవాడు.

"మాస్టారూ, పెన్‌డ్రైవ్ ఇయ్యండి, ముందే పెట్టి చూసుకుంటా."

"పెన్‌డ్రైవ్ లేదన్నా. ఇదిగో, ఈ పీ-38 జాక్ వైరు ఒక్కటే."

"మరి మ్యూజిక్కు యాడ్నించి వస్తది?"

ఒక పొర వేసి చూపించాను. వంగి మోకాలి కింద చూశాడు, లైట్లు తిరుగుతున్నాయి. "ఇంకోటి ఎయ్యండి" అన్నాడు. రెండోది వేశాక తనే మిక్సర్ దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. ఆయనను రెండు విషయాలు అడిగాను. మొదటిది, ఈ ఛానల్‌కి ఈకో వద్దని. రిసెప్షన్‌లో అన్నిటికీ ఈకో పెట్టడం మామూలే, గొంతుకు అది అందం కూడా. కానీ తిరిగే దరువుకు ఈకో పడితే ఒక్కో దెబ్బ రెండు మూడుగా చీలి తాళం కరిగిపోతుంది. రెండోది, నా పక్కనే, నాకు వినపడటానికి, చిన్న మానిటర్ బాక్సు ఒకటి కావాలని. పెద్ద బాక్సులు హాల్లో దూరంగా ఉన్నాయి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, పది మీటర్ల అవతల ఉన్న బాక్సులోంచి నా చెవికి చేరేసరికి దాదాపు 29 మిల్లీసెకన్లు గడుస్తాయి. దాన్ని విని రెండో పొర వాయిస్తే అది అంత వెనకగా రికార్డవుతుంది. రెండో పొరను అనుసరిస్తూ మూడోది వేస్తే ఇంకా వెనక్కి. కారణం చెప్పగానే ఆయనకు అర్థమైంది, తను పాటగాళ్ల కోసం దాచుకున్న మానిటర్ తెచ్చి నా కుడిపక్కన పెట్టాడు. ఆరోజు బాగా జరగడంలో సగం గొప్పదనం ఆయనదే.

కార్యక్రమం మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు హాలంతా చీకటి, బాక్సులు మూగబోయాయి. ఈ పెడల్‌లో తొమ్మిది ఓల్టుల బ్యాటరీ వేసి ఉంచితే, అడాప్టర్ కరెంటు ఆగినా అది నడుస్తూనే ఉంటుంది. ఆరోజు కొత్త ఆల్కలైన్ బ్యాటరీ వేసుకుని వెళ్లాను. చీకట్లో నా మోకాలి పక్కన లైట్లు తిరుగుతూనే ఉన్నాయి. వాటిని చూస్తూ మైకు లేకుండానే వాయిస్తూ పోయాను. బాక్సులు లేచేసరికి కింద పొరలూ పైన నా చెయ్యీ ఒకే అక్షరం మీద ఉన్నాయి. ముందు వరసలో చప్పట్లు మొదలయ్యాయి. పల్లవిని వదలబుద్ధి కాక ఇంకో నాలుగు ఆవర్తనాలు పొడిగించాను, ట్రాక్‌తో ఎన్నడూ దొరకని అవకాశం అది.

మృదంగం వచ్చే చోట నేను లూపర్ తియ్యను. మనిషి నా ఊపిరిని బట్టి నడక సర్దుకుంటాడు, లూప్ సర్దుకోదు. ఒక విద్వాంసుడికి రావాల్సిన కూలిని డబ్బాతో ఆపడం నాకు ఇష్టం లేదు కూడా. పిలిచినవాళ్లకు ఇద్దరిని పెట్టుకునే వీలుంటే ఆ మాట ముందే చెప్తాను. ఒక్కడినే రమ్మన్నచోట మాత్రం పెడల్ నాతో వస్తుంది. దగ్గర పెట్టుకుని చూస్తామని అడిగే నా విద్యార్థులకు ముందు ఒకటే పని చెప్తున్నాను: తాళం వేస్తూ, సమం మీద మాత్రమే మోకాలు కదిలించడం, పెడల్ లేకుండా వట్టి నేల మీద. అది కుదిరాకే కరెంటు.

ఇప్పుడు మిశ్రచాపు తాళం మీద పనిచేస్తున్నాను. ఏడు అక్షరాలు 24 లైట్లలో సమంగా పడవు, కాబట్టి కళ్లు పనికిరావు, చెవి మీదే నడవాలి. మూడు, నాలుగుగా విడగొట్టి దరువు పొర వరకు కుదిరింది, మంద్రం ఇంకా కుదరాలి.