"అలవాట్లేమైనా ఉన్నాయా?" అని డాక్టరమ్మ అడిగినప్పుడు

కింది కుడివైపు జ్ఞానదంతం అడ్డంగా పెరిగి పక్క పన్నును నెడుతోంది. ఎక్స్‌రే చూసి, చిగురు కోసి తీయాలన్నారు డాక్టరమ్మ. "బీపీ ఉందా? షుగర్? మందులేమైనా వాడుతున్నారా? అలవాట్లేమైనా ఉన్నాయా?" అని వరసగా అడిగారు. పక్కనే నా భార్య కూర్చుని ఉంది. "ఏమీ లేవు మేడమ్" అనేశాను.

ఐదారేళ్లుగా రోజూ రాత్రి క్వార్టర్ పడాల్సిందే. ఈ మధ్య అది హాఫ్ దాకా వెళ్లింది. పైగా పది సిగరెట్లు. ఎప్పుడో పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ తాగుతానని ఇంట్లో అనుకుంటారు. ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు మానేస్తే సరిపోతుందిలే అని లోపల లెక్క వేసుకున్నాను.

సమ్మతి పత్రం మీద సంతకం పెడుతుంటే పెన్ను వణికింది. డాక్టరమ్మ చూశారు, ఏమీ అనలేదు.

బండి దాకా వచ్చాక కాళ్లు ఆడలేదు. "ఫైలు మర్చిపోయాను, ఇక్కడే ఉండు" అని భార్యకి చెప్పి లోపలికి వెళ్లాను. "మేడమ్, ఇందాక అబద్ధం చెప్పాను. రోజూ తాగుతాను." ఆవిడ లేచి తలుపు వేసి, "కూర్చోండి" అన్నారు. ఎంత తాగుతారు, చివరిసారి ఎప్పుడు, తాగకపోతే చెమటలు పడతాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని అడిగారు. తర్వాత "చేతులు చాచండి" అన్నారు. పదివేళ్లూ సన్నగా కదులుతున్నాయి. నేనే మొదటిసారి అంత పరీక్షగా చూసుకున్నాను.

రెండు రోజుల ముందు ఆపేస్తానంటే, "ఆ పని మాత్రం చేయకండి" అన్నారు. రోజూ తాగే శరీరానికి ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చట. లివర్ దెబ్బతింటే రక్తం త్వరగా గడ్డకట్టదు కాబట్టి ముందు రక్తపరీక్షలు చేయాలన్నారు. ఆపరేషన్ తర్వాత ఇచ్చే మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడు మద్యం తాగకూడదు. తాగేవాళ్లకి నొప్పి మాత్రలు కూడా చూసి రాయాలి. సిగరెట్ పీలిస్తే పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయి, ఎముక బయటపడి భరించలేని నొప్పి వస్తుందట. నేను "లేవు" అన్న ఒక్క మాటతో ఇవన్నీ ఆవిడ చూడకుండానే కత్తి పట్టుకునేవారు. తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

మీ ఆవిడకి తెలుసా అని అడిగారు. తెలియదన్నాను. "మీరు చెప్పేదాకా నా నోటి నుంచి రాదు" అన్నారు. ఇంట్లోవాళ్లు పక్కనుంటే నోరు పెగలదు. డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని ముందే అడిగితే ఇంట్లోవాళ్లని డాక్టర్లే బయట కూర్చోబెడతారు. నాకది అప్పుడు తట్టలేదు.

సర్జరీ మూడు వారాలు వాయిదా పడింది. ఫిజీషియన్ థయామిన్‌తో (విటమిన్ బి1) పాటు వణుకు రాకుండా రోజురోజుకీ తగ్గించుకుంటూ వేసుకునే మాత్రలు రాశారు, ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉండాలన్నారు. ఇక దాచడానికి లేదు. ఆ రాత్రి వంటింట్లోనే చెప్పాను. తను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పొద్దున్నే కాఫీ గ్లాసు వణుకుతుంటే షుగరేమో అనుకున్నానండీ, భయపడి అడగలేదు" అంది.

పన్ను ముప్పావుగంటలో వచ్చింది. వారానికి కుట్లు తీసి, డాక్టరమ్మ మళ్లీ "చేతులు చాచండి" అన్నారు. ఎడమచేతి చిటికెనవేలు ఒక్కటే కాస్త కదిలింది. నా భార్య కూడా వంగి చూసింది.