పెడనలో మామిడి పిందె

బస్సు టికెట్ మీద మచిలీపట్నం అని ఉంది. కండక్టర్ మాత్రం విజయవాడలో బయల్దేరింది మొదలు "బందర్, బందర్" అనే అరుస్తున్నాడు. పారశీకంలో బందర్ అంటే రేవు. ఊరి పేరే సరుకుతో పాటు దిగుమతి అయిందన్నమాట.

పేటల పేర్లూ అంతే. ఇంగ్లీషుపాలెం, ఫరాసుపేట, వలందపాలెం. ఫరాసులు ఫ్రెంచివాళ్లు, వలందులు డచ్చివాళ్లు. ఆ వలందులెవరని ఆటో అతన్ని అడిగితే, "ఏమోనండీ, మా చిన్నప్పట్నుంచీ అదే పేరు" అన్నాడు. డచ్చి సమాధుల దగ్గర పది నిమిషాలు కూడా ఉండలేకపోయాను, ఎండ అలా ఉంది. నల్లరాతి పలకల మీద వంశచిహ్నాలు, నాకు చదవరాని అక్షరాలు.

17వ శతాబ్దం మొదట్లో డచ్చివాళ్లు ఇక్కడికి వచ్చింది బట్ట కోసం. లవంగాలు, జాజికాయ పండే తూర్పు దీవుల్లో మన అద్దకం బట్టలకు మంచి గిరాకీ. ఇక్కడ బట్ట కొని, అక్కడిచ్చి మసాలాలు తెచ్చుకునేవాళ్లు. 1611లో ఇంగ్లీషువాళ్లూ దిగారు.

ఆ బట్ట ఇప్పటికీ తయారయ్యే పెడన బందరుకు దగ్గరే. షెడ్డులోకి అడుగు పెట్టగానే కరక్కాయ, పులిసిన బెల్లం కలిసిన వాసన. కరక్కాయ నీళ్లలో పాలు కలిపి గుడ్డను ముంచి ఆరబెడతారు. పాలు లేకపోతే రంగు పాకిపోతుందట. తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టిన నీళ్లే నలుపు. టేకు అచ్చును అందులో అద్ది, గుడ్డ మీద పెట్టి, అరచేత్తో ఠప్‌మని ఒక్క దెబ్బ. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు అద్దుతారు. అప్పుడు పెద్దగా ఏమీ కనపడదు. రంగు కాగులో ఉడికితే పటిక పడ్డ చోటల్లా ఎర్రబడుతుంది. ఒకప్పుడు ఆ ఎరుపు చిరువేరు అనే మొక్క వేరుది. 1868లో జర్మన్లు ఆ ఎరుపునిచ్చే అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాక చిరువేరు రోజులు దగ్గరపడ్డాయి.

అచ్చు అద్దుతున్నాయనకు అంచు మీది వంపు తిరిగిన బొమ్మ చూపించి, "ఇదేంటి బాబాయ్?" అన్నాను.

"మామిడి పిందె. మా తాతల నాటిది."

ఇరాన్‌లో దీన్ని బోతే అంటారు, గాలికి వంగిన సరుగు చెట్టు లాంటి చెట్టని కొందరంటారు. చెప్పాను. అచ్చును అటూ ఇటూ తిప్పి చూసి, "పిందేనండీ" అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. గోల్కొండ నవాబుల కాలంలో పారశీక వర్తకులు అడిగిన బొమ్మకు ఇక్కడి చెయ్యి తన తోటలోంచి పేరు పెట్టుకుంది. ఈ అద్దకానికున్న కలంకారీ, అంటే కలంతో చేసే పని, అన్న పేరూ వాళ్ల భాషదే. కలం పట్టేది కాళహస్తిలో, ఇక్కడ అచ్చులే అయినా పేరు మాత్రం నిలిచింది.

ఈ బట్టల ధాటికి ఐరోపాలో నేతగాళ్లు గోల పెడితే, ఫ్రాన్స్ 1686లో వీటిని నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ 1721లో ఏకంగా కట్టుకోవడమే నేరమంది. పోటీ అంటే అంత భయం!

ఒక దుప్పటి కొన్నాను. బేరమాడాను కానీ యాభై రూపాయలకు మించి తగ్గలేదు. కాగితంలో చుట్టిస్తూ, "మొదటి రెండు ఉతుకులూ విడిగా నానబెట్టండి, లేకపోతే మీ తెల్లచొక్కా కూడా బందరు అద్దకం అయిపోద్ది" అన్నాడు.