ఎం86 మనవైపే వస్తోంది

ఆదివారం. పొద్దున్నుంచీ ఇంటర్నల్స్ పేపర్లు దిద్దడమే సరిపోయింది. మధ్యాహ్నం ఒక పేపర్లో "గెలాక్సీలన్నీ మననుంచి దూరంగా పోతున్నాయి" అని రాసి ఉంది. మార్కు వేసేశాను గానీ, ఆ "అన్నీ" నన్ను వదల్లేదు.

కన్యారాశి దిక్కున, సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, వర్గో క్లస్టర్ అనే గెలాక్సీల గుంపు ఉంది. అందులోని ఎం87 అనే గెలాక్సీ సెకనుకు దాదాపు 1,280 కిలోమీటర్ల వేగంతో దూరమవుతోంది. అదే గుంపులోని ఎం86 మాత్రం 240 కిలోమీటర్ల చొప్పున ఇటే వస్తోంది! గుంపు గురుత్వాకర్షణ దాన్ని అంత జోరుగా తిప్పుతోంది మరి. గెలాక్సీల మ్యాపులు గీసేటప్పుడు దూరాన్ని రెడ్‌షిఫ్ట్ నుంచి, అంటే దూరమయ్యే వేగం వల్ల కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందో దాన్నుంచి లెక్కగడతారు. అదొక్కటే చూస్తే ఎం86 దూరం మైనస్‌లో వస్తుంది.

ఇంకా గుంపులో కలవని గెలాక్సీల కథ వేరు. పెళ్లిలో వడ్డన మొదలైందనగానే నాలుగు వైపుల నుంచీ జనం బంతి వైపు కదిలినట్టు, అవన్నీ గుంపు వైపు జారుతుంటాయి. ఇవతలివి అటు పోతాయి కాబట్టి వేగం ఎక్కువగా కనిపించి, మ్యాపులో ఉన్నచోటి కంటే దూరంగా పడతాయి. అవతలివి దగ్గరగా పడతాయి. దాంతో ఆ ప్రాంతమంతా మన చూపు దిశలో నొక్కేసినట్టు కనిపిస్తుంది. ఎంత నొక్కుకుపోయిందో కొలిస్తే, పదార్థం ఎంత జోరుగా పోగవుతోందో తెలుస్తుంది. 1987లో విశ్వశాస్త్రవేత్త నిక్ కైజర్ రాసిన లెక్క ఇది. మ్యాపులో దోషమని దిద్దుకోవాల్సినదాన్నే కొలబద్ద చేసుకున్నాడు, నాకైతే అసూయే. 2001లో ఆస్ట్రేలియాలోని సైడింగ్ స్ప్రింగ్ అబ్జర్వేటరీ నుంచి గెలాక్సీల రెడ్‌షిఫ్ట్‌లు కొలిచిన 2డీఎఫ్ సర్వే వాళ్లు 1,41,000 గెలాక్సీలతో ఆ నొక్కుడును స్పష్టంగా చూపించారు.

టీ తాగుతూ ఫోన్‌లో లెక్క వేశాను. విశ్వంలో పదార్థం వాటా 0.3 అనుకుని, దాన్ని 0.55 ఘాతానికి ఎక్కిస్తే పదార్థం పోగయ్యే జోరు 0.52 వచ్చింది. అంతా పదార్థమే అయితే 1 రావాలి. విశ్వ విస్తరణను వేగవంతం చేసే డార్క్ ఎనర్జీ పుణ్యమా అని పెరుగుదల సగానికి పడిపోయిందన్నమాట. ఆ 0.55 ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ నుంచి వచ్చిన సంఖ్య. సిద్ధాంతం వేరైతే అదీ మారొచ్చు, అందుకే దీనిమీద ఇంత పట్టు.

అమెరికాలోని అరిజోనాలో, గెలాక్సీల కాంతిని పట్టే 5,000 ఫైబర్లతో ఆకాశాన్ని జల్లెడ పడుతున్న డెసి అనే సర్వే వాళ్లు 2024లో ఐన్‌స్టీన్ లెక్కతో సరిపోయిందనే చెప్పారు. నాకు కాస్త నిరాశే. ఎక్కడో ఒకచోట తేడా కొడితే బాగుండునని ఉంది. సిలబస్ మళ్లీ మార్చాలంటే మా హెచ్ఓడీ గారు మాత్రం ససేమిరా అంటారు.