బాబాయి కేబుల్, బ్రూక్లిన్ డాబా

శనివారం పొద్దున్నే న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ఆరంతస్తుల బిల్డింగ్ డాబా మీద కూర్చుని, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే, నల్ల కేబుల్ తొక్క ఒలుస్తున్నాను. లోపల ఎనిమిది సన్న తీగలు. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఇదే వరసలో సర్ది, కనెక్టర్‌లో దూర్చి గట్టిగా నొక్కాలి. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ టెస్టర్‌లో నాలుగో లైటు వెలగలేదు. పక్కనున్న రిటైర్డ్ స్కూల్ టీచర్ కేబుల్ అందుకుని, చివర కత్తిరించి మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

"నువ్వు ఆఫీసులో చేసేది నెట్‌వర్కింగే కదా?"

అవును, పదకొండేళ్ళుగా. అక్కడ నెట్‌వర్క్ అంటే స్క్రీన్ మీద గళ్ళూ గీతలూ. తీగ ముట్టుకున్నది ఎప్పుడని!

నేను ఇక్కడికొచ్చింది ఏ ఆదర్శంతోనూ కాదు, ఒళ్ళు మండి. మా అపార్ట్‌మెంట్‌కి ఇంటర్నెట్ ఇచ్చేది ఒకటే కంపెనీ. మొదటి ఏడాది ఒక రేటు, రెండో ఏడాది ఇంకో రేటు, ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట. ఒకరోజు లిఫ్ట్ దగ్గర ఎన్‌వైసీ మెష్ కాగితం కనబడింది. ఊళ్ళో వాలంటీర్లు కలిసి కట్టుకున్న నెట్‌వర్క్. డాబా మీద చిన్న యాంటెనా పెట్టి, ఎదురుగా కనిపించే పెద్ద యాంటెనా వైపు తిప్పుతారు. అది ఇంకోదానికి అందిస్తుంది. అలా అలా లోయర్ మాన్‌హట్టన్‌లో 375 పెర్ల్ స్ట్రీట్ దాకా. అది ఒకప్పుడు టెలిఫోన్ కంపెనీ స్విచ్చుల కోసం కట్టిన 32 అంతస్తుల భవనం. దాని నెత్తిన వీళ్ళ యాంటెనాలు కూర్చోవడం చూస్తే నాకు భలే సరదా. అక్కడినుంచి నేరుగా ఇంటర్నెట్‌లోకి. నెలనెలా ఎవరికి తోచినంత వాళ్ళు ఇస్తారు. ఈ నెట్‌వర్క్‌ని ఏ పనికైనా వాడుకోవచ్చు, ఎలా పనిచేస్తుందో తెలుసుకోవచ్చు, ఇంకొకరికి పొడిగించవచ్చు. ఎదుటివాళ్ళ స్వేచ్ఛకి అడ్డు రాకూడదు, అంతే.

ఆ కాగితం చదివి నేను చేసిన మొదటి పని తునిలో బాబాయికి ఫోన్.

తొంభైల్లో మా బాబాయి కేబుల్ ఆపరేటర్. డాబా మీద పెద్ద డిష్, కింద గదిలో కంట్రోల్ రూమ్, అక్కడినుంచి ఇంటింటికీ, కొబ్బరిచెట్ల మీదుగా, కరెంటు స్తంభాల పక్కనుంచి వైరు. 1996 వరల్డ్ కప్ సెమీఫైనల్ రోజు ఎక్కడో వైరు తెగితే, వీధి వీధంతా "బొమ్మ రావట్లేదు" అని మా ఇంటిమీదికి వచ్చింది. పిన్ని తలుపేసుకుంది. నేను టార్చ్ పట్టుకుంటే బాబాయి జాయింట్ వేశాడు. తర్వాత పెద్ద ఆపరేటర్లు వచ్చారు. సిగ్నల్ వాళ్ళది, రేటు వాళ్ళది, ఏ ఛానల్ ఎక్కడుండాలో వాళ్ళ ఇష్టం. బాబాయికి మిగిలింది నెలాఖరున వసూళ్ళు. "వైరు మనదేనే, బొమ్మే వాళ్ళది" అనేవాడు. అప్పుడు నవ్వేదాన్ని.

మెష్‌లో పాతవాళ్ళు చెప్పే కథల్లో నాకు బాగా నచ్చింది రెడ్ హుక్‌ది, బ్రూక్లిన్‌లో నీళ్ళ ఒడ్డున ఉండే పేట. 2012 అక్టోబర్ 29 రాత్రి శాండీ తుఫాను ఆ పేటని ముంచేసింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. అంతకుముందే పేట కుర్రాళ్ళతో కలిసి అక్కడి సంస్థ ఒకటి చిన్న వై-ఫై మెష్ వేసి ఉంచింది. అది నిలబడింది. సహాయానికొచ్చిన ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ) వాళ్ళు తమ శాటిలైట్ లింకుని దానికే తగిలించారు. దివిసీమ ఉప్పెన కథలు వింటూ పెరిగిన మా వైపు వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత 2017 డిసెంబర్ 14న ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నెట్ న్యూట్రాలిటీ నిబంధనలు, అంటే ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ అన్ని సైట్లనీ ఒకేలా చూడాలనే రూల్స్, ఎత్తేసింది. 2024లో మళ్ళీ పెట్టారు, 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. మన దగ్గర అదే విషయం మీద 2015లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి పది లక్షల పైచిలుకు ఈమెయిళ్ళు వెళ్ళాయి, 2016 ఫిబ్రవరి 8న కొన్ని సైట్లు మాత్రమే ఉచితంగా చూపించే ఫేస్‌బుక్ వాళ్ళ ఫ్రీ బేసిక్స్ లాంటి స్కీములకి తలుపు మూసుకుంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ కుర్రాళ్ళు, కంప్యూటర్‌కి తెలుగు నేర్పినవాళ్ళే, ఆ గొడవలో రోడ్డెక్కారు. నేనప్పుడు న్యూజెర్సీలో ఉండి ఒక ఈమెయిల్ కొట్టి చేతులు దులుపుకున్నాను.

మీటింగుల గురించి మాత్రం నిజం చెప్పాలి: నరకం. ఆఫీసులో మేనేజర్ "సరే, ఇలా చేద్దాం" అంటే అయిపోతుంది. ఇక్కడ సామాన్లు ఎవరి గరాజ్‌లో పెట్టాలన్నదాని మీద గంటన్నర. మొదట్లో లోపల్లోపల తిట్టుకున్నాను. ఒకసారి స్పానిష్ మాత్రమే వచ్చిన ఒక అమ్మమ్మ ఇంట్లో యాంటెనా ఎక్కడ బిగించాలన్న చర్చ. మేం నలుగురం సిగ్నల్ లెక్కలేస్తున్నాం. ఆవిడ మనవడు అడ్డుపడి "ఆ కిటికీలో అమ్మమ్మ మొక్కలుంటాయి" అని తేల్చేశాడు. ఇంకో చోట డ్రిల్ చేశాం. సిగ్నల్ కొంచెం తగ్గింది, మొక్కలు బతికాయి.

వీసా సంగతి కూడా ఉంది. జీతం లేని స్వచ్ఛంద పని కాబట్టి హెచ్1బీకి అభ్యంతరం లేదని లాయర్‌ని అడిగి మరీ నిర్ధారించుకున్నాను. కానీ గ్రూపులో చాలామంది ఇంటర్నెట్ ఒక్కదాని దగ్గరే ఆగరు. అద్దెల మీద పోరాడేవాళ్ళు, వలస కార్మికుల కోసం తిరిగేవాళ్ళు, శనివారం యాంటెనా బిగించి ఆదివారం ఊరేగింపుకి వెళ్ళేవాళ్ళు. రమ్మని పిలుస్తారు. "పనుంది" అంటాను. సంతకాల కాగితం వస్తే చదివి పక్కవాళ్ళకి ఇచ్చేస్తాను. గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నవాళ్ళకి ఈ టెన్షన్ తెలుసు. టీచర్‌కి అర్థమైందనుకుంటా, ఒకరోజు "నువ్వు కేబుల్ చూసుకో, అరవడం మేం చూసుకుంటాం" అంది. నవ్వాను గానీ, ఆ రాత్రంతా అదే గుర్తొచ్చింది.

నాలుగో లైటు మూడోసారికి వెలిగింది. యాంటెనాని ఒక్కో మిల్లీమీటరు తిప్పుతుంటే ఫోన్‌లో అంకె మారుతోంది. బాబాయి డాబా మీదనుంచి "వచ్చిందా?" అని అరిచేవాడు, కింద టీవీ ముందు నేను "వచ్చింది, వచ్చింది... పోయింది!" అనేదాన్ని. ఇక్కడా సరిగ్గా అదే, ఇంగ్లీషులో.

దిగేటప్పుడు మళ్ళీ ఫోన్ చేశాను. తునిలో రాత్రయింది.

"డాబాలెక్కి వైర్లు లాగడానికి అమెరికా దాకా వెళ్ళావా తల్లీ?" అన్నాడు. తర్వాత అసలు ప్రశ్న. "కనెక్షన్‌కి ఎంత?"

"ఎవరిష్టం వాళ్ళది బాబాయ్. ఇవ్వలేనివాళ్ళు ఇవ్వరు."

కాసేపు అటునుంచి మాట లేదు. లైన్ కట్టయిందనుకున్నాను.

"అయితే మరి ఒకటో తారీఖున కలెక్షన్‌కి ఎవరు తిరుగుతారే?"