నీకు బస్సు ఎన్నింటికి?

పదకొండు దాటింది. పడుకుందామంటే ఆ ఎర్ర రంగు కళ్ళలోంచి పోవడం లేదు.

నేను పనిచేసేది వ్యాపారుల పన్ను రిటర్నులు వేసే ఆఫీసులో. మా సారు ఈ నెల నుంచి అందరి ఫోన్లలోనూ ఒక యాప్ పెట్టించారు. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో అందులో కనిపించాలట. బాగానే ఉంది కానీ, పని ఎక్కించే ప్రతివాళ్ళూ 'అర్జెంట్' అనే ఎక్కిస్తారు. అర్జెంట్ అయితే ఎర్రగా వస్తుంది. సాయంత్రానికి నా స్క్రీన్ కల్లంలో మిరపకాయలు ఆరబోసినట్టు తయారైంది. అసలే జులై. రేపటికి జీఎస్టీఆర్-1లు (నెల అమ్మకాల బిల్లుల వివరాలు), 20లోపు 3బీలు (ఆ నెల జీఎస్టీ లెక్క తేల్చి కట్టే రిటర్నులు), నెలాఖరుకి టీడీఎస్ (ముందే పట్టుకున్న పన్ను) రిటర్నులు, జీతగాళ్ళ ఐటీ రిటర్నులు. ఇవి ఎర్రగా ఉన్నాయంటే అర్థముంది. ఏసీ రిపేరు అతనికి ఫోన్ చేయడం కూడా ఎర్రే!

ఏది ముందో చెప్పడానికి యాప్ ఎందుకండీ? 3బీ ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద 18 శాతం వడ్డీ. అది మన పార్టీ, అంటే మన చేత రిటర్ను వేయించుకునే వ్యాపారి జేబులోంచే పోతుంది, ఆయన నాలుగు తిట్టి ఊరుకుంటాడు. జీఎస్టీఆర్-1 అలా కాదు. 11వ తారీఖు, అంటే రేపు, దాటిందంటే 14న వచ్చే 2బీలో (కొన్నవాళ్ళకి కనిపించే బిల్లుల జాబితా) ఆ బిల్లులు ఉండవు. మన పార్టీ దగ్గర సరుకు కొన్నవాడికి ఆ నెల క్రెడిట్ (కొన్నప్పుడు ఇచ్చిన పన్ను తన పన్నులో తగ్గించుకోవడం) రాదు, చేతి డబ్బు పెట్టుకోవాలి. మధ్యలో వాడేం చేశాడు పాపం. అందుకే నా లెక్కలో ఎదుటివాడికి తగిలే పని ముందు.

ఈ బుద్ధి నాన్న కొట్లో వచ్చింది. అవనిగడ్డలో నాన్నకి ఎరువుల కొట్టు ఉండేది. కాలవలకి నీళ్ళొదిలి నాట్లు మొదలయ్యాయంటే కొట్టు ముందు కాలు పెట్టే సందుండేది కాదు. నాన్న "ఏం కావాలి" అని అడిగేవాడు కాదు. "నీకు బస్సు ఎన్నింటికి?" అనేవాడు. కృష్ణలో లంక ఊరు ఎదురుమొండి వాళ్ళనైతే అదీ అడిగేవాడు కాదు. పంటు (రేవు దాటించే పడవ) మీద దాటాలి కాబట్టి వాళ్ళ బస్తాలు ముందే బయట పెట్టించేసేవాడు. కార్బన్ కాగితం మార్చే తీరిక ఉండేది కాదు, అడుగు కాపీలో అక్షరం పడకపోయినా బిల్లు రాసుకుంటూ పోయేవాడు. గొంతు మాత్రం ఎప్పుడూ లేచేది కాదు. మా సారు కేకలు వింటుంటే అదే గుర్తొస్తుంది.

ఇక్కడిదాకా రాసి, నాన్న పద్ధతే పద్ధతి అని ముగించేద్దామనుకున్నాను. కానీ బస్సు లేనివాళ్ళ సంగతేంటి? మా వెనక వీధి తాతగారు పొద్దున్నే వచ్చి బల్ల మీద కూర్చుంటే, "మీరెక్కడికి పోతారు బాబాయ్, ఇస్తాలే" అని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టేవాడు. ఒక ఏడు ఆయన మాట్లాడకుండా లేచి ఎదురు కొట్టుకి వెళ్ళిపోయారు. మళ్ళీ మా గడప తొక్కలేదు. అమ్మ పంపిన క్యారేజీ అయితే సాయంత్రం దాకా మూత కూడా తీసేవాడు కాదు.

సాయంత్రం అత్తయ్యగారు కళ్ళజోడు ముక్కు మీద పైకీ కిందికీ జరుపుకుంటూ సీరియల్ చూస్తున్నారు. డాక్టరుకి చూపిద్దామా అన్నాను. "నీ ఇరవయ్యో తారీఖు కానియ్యమ్మా" అన్నారు. ఆవిడకి 3బీ అంటే ఏంటో తెలీదు, తారీఖు మాత్రం వచ్చేసింది. నిద్ర పట్టనిది దీనికేనేమో.

"అది కూడా నీ యాప్‌లో ఎక్కించు" అన్నారు మా ఆయన, నవ్వుతూ. ఒళ్ళు మండింది. ఎక్కిస్తే నేనూ ఎర్రగానే ఎక్కించాలి కదా. ఏసీ పని ఎక్కించిన పిల్లదీ ఇదే బాధేమో. మామూలు రంగులో పెడితే మేమెవరం చూశాం గనుక. పాపం ఏసీ నీళ్ళు కారేది ఆ పిల్ల టేబుల్ మీదే.

ఆన్‌లైన్‌లో శనివారం పదింటికి కళ్ళ డాక్టరు దగ్గర టోకెన్ తీసేసుకున్నాను. సారు ఏమంటారో శుక్రవారం చూద్దాం. హార్డ్‌వేర్ కొట్టాయన బిల్లులు ఇంకా రాలేదు. ప్రతి నెలా ఇంతే. ఆఖరి రోజు మధ్యాహ్నం భోంచేసి, తీరిగ్గా ప్లాస్టిక్ కవర్లో పట్టుకొస్తారు. సగం తడిసి ఉంటాయి. పైగా "ఏమ్మా, ఇంకా అవలేదా" అని మళ్ళీ నన్నే అడుగుతారు.